ఫుజైరా దాకా తందాన

మా అక్క రత్నం పోయిన ఏడాదికి, ఒక ఆదివారం మధ్యాహ్నం, రొయ్యల షెడ్డులో పని ముగించుకుని ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉంటే దుబాయ్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది దుర్గ అనే ఆవిడ. ఫుజైరాలో మా అక్క వంట చేసిన ఇంట్లోనే ఈవిడా పనిచేస్తోందట.

“వరాలు పిన్నిగారేనాండీ? పెద్దమ్మ కథ మధ్యలో వదిలేసి ఎల్లిపోయిందండి. పడవ నడి గోదాట్లో ఉండిపోయింది. మీరొచ్చి పూర్తిచేసి మంగళం పాడాలండి. ఇక్కడ జనం నన్ను పీక్కు తినేత్తన్నారు.”

మాకు ఆ దేశమంతా దుబాయే, అందులో ఫుజైరా ఏ మూలన ఉంటుందో కూడా నాకు తెలియదు. అయినా సరేనన్నాను. ఎందుకన్నానో తెలియాలంటే ముందు మా సంగతి చెప్పాలి.

మాది బుర్రకథ ఇల్లు. నడుమ తంబుర భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి కథ చెప్పేది అక్క. ఆవిడకు కుడి పక్క మా మేనమామ, ఎడమ పక్క నేను. మేమిద్దరం వంతలం. అక్క ఒక వరస పాడి ఆపగానే గుమ్మెట మీద దెబ్బ వేసి “తందాన తాన” అనాలి. కుడి వంత లోకం తీరు చెబుతాడు, ఎడమ వంత నవ్విస్తుంది. అక్క జనాన్ని ఏడిపిస్తే వాళ్ల ముక్కులు తుడవడం నా పని అన్నమాట. సైకిళ్ల మీద, రేవు దాటించే పంటు మీద, కొబ్బరికాయల లారీ మీద కోనసీమంతా తిరిగాం. బడి వరండాల్లో పడుకున్నాం. మైకు చచ్చిపోయినా చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మకు అక్క పాడిన ప్రతి ముక్కా వినపడేది. ఆ గొంతు మిరియాల పాలు తప్ప ఇంకో వైద్యం ఎరగదు. ఊరు నిద్ర లేచేసరికి మేం పక్క ఊరి రేవులో దిగుతూ ఉండేవాళ్లం.

తర్వాత తీర్థాల్లో డాన్సు పార్టీలు వచ్చాయి, మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గారు. అక్క వంటమనిషిగా దుబాయ్ వెళ్లిపోయింది. తంబుర తీసుకెళ్లింది, గుమ్మెట నాకు వదిలేసింది. నేను షెడ్డులో రొయ్యలు ఒలవడానికి కుదిరాను.

కొన్నాళ్లకు ఎవరో తమ సెల్‌లో ఒక వీడియో చూపించారు. ఖర్జూరపు చెట్ల కింద అక్క నిలబడి కథ చెబుతోంది. ఆవిడ ఆపిన చోటల్లా ఎవరో “తందాన తాన” అంటున్నారు. అంటున్నది నేను కాదు. ఆ వారం ఫోన్లో అడిగాను: “నా చోట ఎవర్నో నిలబెట్టావంట?” అక్క నవ్వి, “వంత లేకుండా కథేంటే పిచ్చిదానా. పులస దిగిందా అక్కడ?” అని మాట మార్చేసింది. అంతే, ఆ ముల్లు దిగింది. పోయిన మనిషి మీద అలిగి ఏం లాభమని మీరు అడగవచ్చు. లాభం లేకపోయినా అలిగే ఉన్నాను. కాబట్టి నేను బయలుదేరింది రెండు పనుల మీద. ఒకటి కథ ముగించడం, ఎందుకంటే మొదలెట్టిన కథకు మంగళం పాడకుండా వదలడం మా ఇంట లేదు. రెండోది, నా చోట నిలబడ్డ ఆ మహాతల్లి ఎవరో కళ్లారా చూడడం.

మా పక్కింటి మేరీ కూతురు సునీత షార్జాలో నర్సు. వీసా కాగితాలు ఆ పిల్లే చూసింది. గురువారం సాయంత్రం విజయవాడలో విమానం ఎక్కాను. పక్క సీట్లో గోడలకు రంగులు వేసే అబ్బాయి, మొదటిసారి వెళ్తున్నవాడు, బెల్టు ఎలా పెట్టుకోవాలని నన్నే అడిగాడు. నాకూ తెలియదని చెప్పకుండా ముందు సీటు వాళ్లను చూసి నేర్పించాను. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. తినడానికి ఏమైనా చేతిలో ఉంచుకోవడం మంచిది, నేను కజ్జికాయలు ఉంచుకున్నాను.

షార్జాలో సామాను చూసే చోట నా చీర మూట దగ్గర ఆపేశారు. లోపల ఇత్తడి గుమ్మెట. నల్ల బురఖాలో ఉన్న ఆఫీసరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, “యే క్యా హై?” అంది. నాకు వచ్చిన హిందీలో దానికి జవాబు లేదు. మూట విప్పి మోకాలి మీద పెట్టుకుని ఒక దరువు వేసి చూపించాను. ఆమె కళ్లు నవ్వాయి. తానూ వేలితో రెండు దెబ్బలు కొట్టి, “యల్లా, యల్లా” అని పంపేసింది. దుబాయ్‌లో నా మొదటి కచేరీ అదే.

సునీత గదిలో ముగ్గురు నర్సులు. ఒకళ్లు డ్యూటీ దిగితే ఇంకొకళ్లు ఎక్కుతారు కాబట్టి ఎప్పుడూ ఒక మంచం ఖాళీగా, ఇంకా వెచ్చగా ఉంటుంది. రెండు రోజులు ఆ మంచాల మీద నిద్రపోయాను. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడల మీద మంచులాంటి దుమ్ము, దాని వెనక సూర్యుడు పలచగా, నీళ్లలో పడ్డ బిళ్లలా ఉండేవాడు. నేను నిజంగా వచ్చానో లేక మా అరుగు మీద కునుకు తీస్తూ ఇదంతా చూస్తున్నానో తెలిసేది కాదు.

ఆదివారం ఉదయం సునీత నన్ను జుబేల్ బస్ స్టేషన్‌కు తీసుకొచ్చింది. “ఆంటీ, టికెట్ పారేయకండి. దిగేదాకా చేతిలోనే ఉంచుకోండి” అని పదిసార్లు చెప్పి డ్యూటీకి పరిగెత్తింది. ఫుజైరా బస్సు తొమ్మిదిన్నరకు కదిలింది. ఆడవాళ్లకు ముందు సీట్లు. లోపల ఏసీ బాగా చలిగా ఉంటుంది, వెళ్లేవాళ్లు శాలువా మర్చిపోవద్దు. నేను గుమ్మెటను ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పాను.

నడవకు అవతలి సీట్లో నలభై ఏళ్ల మనిషి. గోళ్ల సందుల్లో గ్రీజు. నా చీర కట్టు చూసి, “తెలుగేనా అమ్మా?” అని పలకరించాడు. పేరు శంకర్. జగిత్యాల దిక్కువాడు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల షాపులో పని.

“ఫుజైరాల మీ పిల్లలున్నరా?”

“లేరు బాబూ. తెలిసినవాళ్లున్నారు. మరి నువ్వెందుకెళ్తున్నావు?”

“కథకు పోతున్న” అన్నాడు, సినిమాకు పోతున్నంత మామూలుగా. “రత్నమ్మ అని ఒకామె ఉండె. బుర్రకథ చెప్పేది. మస్తు జెప్పేదమ్మా. ముందుగాల శుక్రవారం సెలవుండె, ఇప్పుడు ఆదివారం అయింది గద, ఏ వారమైన సరే ఎక్కడికంటె అక్కడికొచ్చేది. జెబెల్ అలీల, మా షార్జాల. కరోనల మమ్ముల రూముల్లనే ఉంచిండ్రు సూడు, అప్పుడు ఫోన్ల పంపేది. ఒక ముక్క పాడి ఊకుంటది. ఆ సప్పుడు లేని జాగల మేం తందాన అనాలె. ఒక్క రూముల ఎనిమిది మందిమి, మంచాల మీద పండుకోని తందాన తాన అంటుంటిమి.”

నేను గుమ్మెట మీద చెయ్యి బిగించాను. “కథేంటి?” అని అడిగాను, తెలియనట్టు.

“పడవ కథ. సీతాలని ఒకామె వరదల పడవ నడుపుతది. మేమందరం ఆ పడవలనే ఉన్నం.” అతను సిగ్గుపడుతూ నవ్వాడు. “నిజంగనే అమ్మా. నాకు జ్వరమొచ్చి పక్కరూముల ఏసిండ్రు. బతుకుతనో లేదో అన్నట్టుండె. ఆ దినం రత్నమ్మ ఫోన్ల కథ పంపింది. అందుల ఏమన్నదంటే, జగిత్యాల శంకరు వచ్చెను, మూడో పీట మీద కూసుండెను అన్నది. నేను మూడో పీట మీదున్న. పాణం బాగలేనోళ్లనందర్ని ఎక్కించింది. పడవ ఎక్కినోడు ఎవ్వడు పోలే.”

నాకు చెమట పట్టింది, అంత ఏసీలోనూ.

సీతాలు కథ మా నాన్న కట్టింది. సీతాలు మా నాయనమ్మ. వరద వచ్చిన ఏడాది మా లంక జనాన్ని పడవ ఎక్కించుకుని గట్టుకు తెస్తూ, నడి ఏట్లో పడవతో సహా మునిగిపోయింది. తర్వాత పడవ తోసే గెడ ఒక్కటే దొరికింది. “ఇది జరిగిన కథ. ఒక్క ముక్క మార్చారంటే మా అమ్మను రెండోసారి ముంచినట్టే” అని నాన్న మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. పల్లెల్లో ఆ పడవ మునిగే చోట ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడ్చేవారు. ఆ ఏడుపే మా పేరు. నేను షార్జా గదిలో రెండు రోజులూ ఆ మునక వరసలే నెమరు వేసుకున్నాను. ఇప్పుడేమో ఆ పడవలో మూడో పీట మీద ఈ శంకరు కూర్చుని ఉన్నాడు.

“నువ్వు రత్నమ్మకు చుట్టానివా అమ్మా?” అన్నాడతను, నా ముఖం చూసి.

“చెల్లెల్ని.”

అతను నా ఒళ్లో మూట వైపు చూశాడు. తర్వాత సీటు అంచుకు జరిగి, మెల్లగా అడిగాడు. “అయితే నీకెరుకే ఉంటది. పడవ ఒడ్డుకు చేరుతదా?”

“చూద్దాం నాయనా” అని కిటికీ వైపు తిరిగిపోయాను.

ఇసుక అయిపోయి కొండలు మొదలయ్యాయి. చెట్టూ చేమా లేని కొండలు, ఊదా రంగులో, ఒకదాని వెనక ఒకటి. చూస్తూ ఉంటే కదులుతున్నట్టే ఉంటాయి, మాకు ఆషాఢంలో వచ్చే నీళ్లలాగా. సొరంగంలోకి బస్సు దూరింది. పసుపు దీపాలు వరసగా వెనక్కి పోతుంటే కళ్లు మూతలు పడ్డాయి. అక్క వేళ్లకు తొడుక్కునే అందెలు తంబురతో కలిసి మోగుతున్నట్టు వినపడింది. “తందాన అనవేంటే” అంది. నేను అనబోయేసరికి వెలుతురు వచ్చేసింది. శంకరు నా ఒళ్లోంచి జారుతున్న గుమ్మెటను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

పదకొండున్నర దాటాక ఫుజైరాలో దిగాం. శంకరు “సాయంత్రం కలుస్త” అని తన స్నేహితుల దగ్గరికి పోయాడు. దుర్గ కారుతో వచ్చింది, డ్రైవరు ఆ ఇంటివాళ్ల మనిషే. దుర్గకు ముప్పై అయిదేళ్లుంటాయి, రాజోలు వైపు పిల్ల. నన్ను చూడగానే కాళ్లకు దండం పెట్టి, లేచి ముఖంలోకి చూసి, “ముక్కు అచ్చం పెద్దమ్మదేనండి” అని ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను. డ్రైవరు పాపం తల అటు తిప్పుకున్నాడు.

ఆ ఇంటి యజమానిని అందరూ బాబా అంటారు. ముసలాయన. చిన్నప్పుడు లాంచీల మీద ఖర్జూరాలు వేసుకుని బొంబాయి తిరిగిన మనిషి, హిందీ బాగా వచ్చు. నన్ను రెండు రాత్రులు ఉండనిచ్చాడు. వంటింటి వెనక అక్క పడుకున్న చిన్న గది. మేకుకు తంబుర వేలాడుతోంది, పాత వాయిలు చీర ముక్క చుట్టి ఉంది. ఆ చీర నాది. ఎప్పుడు పట్టుకెళ్లిందో కూడా నాకు తెలియదు.

దుర్గ షేరీ చేప పులుసు పెట్టింది. కొంచెం చింతపండు ఎక్కువైనా మన పులుసే. అన్నం కలుపుతూ కథ చివర ఏమవుతుందో చెప్పాను. దుర్గ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ముంచేత్తారా పిన్నిగారూ?”

“నేను ముంచడమేంటే. జరిగింది అది. మా నాయనమ్మ.”

“పెద్దమ్మకి తెలుసా అండి?”

“తెలియకపోవడమేంటి. వందసార్లు ముంచాం ఇద్దరం కలిసి.”

దుర్గ కంచం పక్కకు జరిపింది. “అయితే అందుకేనండి. మూడేళ్లు పడవని నడి ఏట్లోనే తిప్పింది. సుడిగుండం అంది, మొసలి అంది, గాలి తిరిగిందంది. ఈ వారం ఒడ్డుకి తెచ్చెయ్ పెద్దమ్మా అంటే, ఇంకొకళ్లు ఎక్కాలే అనేది. నన్నూ ఎక్కించిందండి. ఆపరేసనుకి ఎల్లే ముందు రోజు.” ఆగి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మీ ఇట్టమండి. మీరు పెద్దోరు. కానీ బాబా కూడా అందులోనే ఉన్నారండి.”

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. ఒకవైపు నాన్నకు వేసిన ఒట్టు, ఒకవైపు ఇంతమంది ప్రాణాలు. కథలో ప్రాణాలే కదా అని మీరనుకోవచ్చు. ఆ పూట మీరు దుర్గ ముఖం చూసి ఉంటే అలా అనుకోరు. పైగా నేను వంతను. పుట్టిన దగ్గర నుంచి ఒకరు చెప్పిన దానికి తందాన అన్నదాన్నే కానీ, నా అంతట నేను ఒక్క వరస ఎత్తుకున్నదాన్ని కాదు.

నాలుగు గంటలకు బాబా తోటకు వెళ్లాం. ఊరికి కొంచెం దూరంలో, రెండు కొండల నడుమ ఖర్జూరపు తోట. సన్నటి కాలవలో కొండ నీళ్లు చప్పుడు లేకుండా పారుతున్నాయి, ఆ కాలవను అక్కడ ఫలజ్ అంటారు. నీళ్ల వాసనకు నాకు మా ఊరి పంట బోదె గట్టు మీద ఉన్నట్టే అనిపించింది. జనం అప్పటికే చాపలు పరుచుకుని ఉన్నారు. కొండరాళ్లు కొట్టే క్వారీల వాళ్లు, ఓడలకు నూనె పోసే చోట పనిచేసేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే మన గోదావరి ఆడవాళ్లు. బాబా ఒక్కడే కుర్చీలో, పక్కన కాఫీ కూజా. ఎండ ఖర్జూరపు ఆకుల్లోంచి గీతలు గీతలుగా పడి అందరి మీదా నీళ్లలా కదులుతోంది. కళ్లు కొద్దిగా మూసి చూస్తే వాళ్లంతా పడవలో కూర్చున్నట్టే ఉంది.

“వంత ఎవరే?” అని దుర్గను అడిగాను. అప్పటికీ ఆ ముల్లు తీయలేదు చూడండి.

“ఎవరూ లేరండి. జనమే అనేవోరు. పెద్దమ్మ నడుమ నిలబడేది. ఆ ఎడం పక్క ఎవర్నీ నిలబడనిచ్చేది కాదు. నేనొకసారి నిలబడబోతే కసిరేసింది. అది మా వరాలు చోటు, కాళ్లు తియ్యి అంది.” దుర్గ నా వైపు చూసి నవ్వింది. “మీరు పడవలో కూడా ఉన్నారు కదండీ. అందరికన్నా ముందు ఎక్కింది మీరే. పడవ ముక్కు కాడ కూకుని ఒకటే వాగుడు. వాగుడు వరాలు అంటే ఇక్కడ అందరికీ తెలుసండి.”

ఇన్నేళ్ల అలక ఏమైందో నాకు తెలియదు. కాలవలో ముఖం కడుక్కుని వచ్చాను.

తంబురను దుర్గ ఒక చెట్టుకు ఆనించి పెట్టింది. నేను గుమ్మెట కట్టుకుని వెళ్లి నిలబడ్డాను. జనం మాటలు ఆపారు. దరువు వేశాను. ఆగాను. మళ్లీ వేశాను. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను పక్కకు చూస్తున్నాను. ఎంతసేపు అలా వాయించానో. వెనక నుంచి ఎవరో “చెప్పు అమ్మా” అనేదాకా నాకు వెలగలేదు. అలవాటు కొద్దీ నేను ఎడమ పక్కన నిలబడి, నడుమ మనిషి ఎత్తుకుంటుందని చూస్తున్నాను. నడుమ ఎవరూ లేరు.

జరిగి నడిమికి వెళ్లాలని ఒక అడుగు తీశాను. తీసిన అడుగు వెనక్కి వేసేశాను. ఇన్నేళ్లు ఆవిడ నా చోటు ఖాళీగా ఉంచితే, ఒక్క పూట ఆవిడ చోటు నేను ఉంచలేనా? తంబురను తెచ్చి నడుమ పెట్టమన్నాను. నేను ఎడమ పక్కనే ఉండి ఎత్తుకున్నాను.

“గోదారమ్మ కళ్లెర్ర జేసెను...”

“తందాన తాన” అన్నారు, కొండలు కూడా అన్నట్టు.

“గట్టు కనపడక గాలి మళ్లెను...”

“తందాన తాన.”

నేనెప్పుడూ వినని వైపు నుంచి వచ్చింది అది. తందాన నా నోట్లోంచి పోవడమే తెలుసు కానీ ఎదురుగా వచ్చి తగలడం తెలియదు. దానితో ధైర్యం వచ్చింది. సుడిగుండం దాటించాను. మునక వరసలు నాలుక చివర దాకా వచ్చాయి. శంకరు మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, దుర్గ కళ్లు మూసుకుంది. నాన్నా, నీ మాట తప్పను, కానీ నాకు దారి నువ్వే చూపించు అనుకున్నాను. ఆ వరసలు మింగేసి, సీతాలు గెడ నేలకు తగిలింది అన్నాను. రేవు వచ్చింది అన్నాను.

ఆ తర్వాత ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి దింపాను. పేర్లు తెలియనివాళ్లు కూర్చున్న చోటే లేచి చెప్పుకున్నారు. నా పని నాకు గుర్తొచ్చింది, నవ్వించడం. జగిత్యాల శంకరు దిగనంటాడు, పడవకు టైర్లు ఎక్కడున్నాయో చూసి గాలి కొట్టి గానీ దిగనంటాడు. బాబా కాఫీ కూజా చంకన పెట్టుకుని దిగి, గోదారమ్మకు ఒక గిన్నెడు పోసి, ఇంత చల్లటి మనిషివి నీకు వేడి కాఫీ పడుతుందా తల్లీ అని అడిగాడు. దుర్గ దిగి, మళ్లీ ఎక్కి, చెప్పులు వెతుక్కుని మళ్లీ దిగింది. బాబాకు ఎవరో హిందీలో చెబుతున్నారు, ఆయన భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. చివరికి ముక్కు దగ్గర వాగుడు వరాలు మిగిలింది. తెడ్డు దగ్గర మా అక్క రత్నం. ఆవిడను నేనే ఎక్కించాను.

“అందరూ దిగారు, నువ్వూ దిగవే అనెను అక్క...”

“తందాన తాన.”

“నువ్వు దిగవా అక్కా అంటిని నేను...”

వాళ్లు తందాన అన్నారు. తర్వాతి వరస నాకు రాలేదు.  అప్పుడు ఎవరూ చెప్పకుండానే వాళ్లు ఇంకోసారి అన్నారు, మెల్లగా. ఇంకోసారి. నాకు ఆ వరస దొరికేదాకా అంటూనే ఉన్నారు. వంత అంటే ఏమిటో ముప్పై ఏళ్లు వంతగా ఉన్న నాకు ఆ సాయంత్రం తెలిసింది.

“అవతలి గట్టున ఇంకా జనమున్నారు వరాలూ అనెను. సీతాలు ఒక్కతే గెడ వేయజాలదు అనెను. నన్ను దింపి, ఖాళీ పడవ తిప్పుకుని సీతాలూ అక్కా వెళ్లిరి. వెళ్లిన పడవ తిరిగి రాలేదు. గెడ ఒక్కటే వచ్చెను.”

మునిగింది. నాన్నా, మార్చలేదు. మునిగేముందు అందరినీ దింపాను, అంతే.

మంగళం పాడేసరికి కొండల వెనక పొద్దు దిగిపోయింది. కొందరు ఏడుస్తున్నారు, అయినా అది మా పల్లెల్లో ఏడుపులా లేదు. బాబా కర్ర ఊతంగా లేచి నా దగ్గరికి వచ్చాడు. కథంతా ఎవరో చెప్పినా ఆయనకు నా నోటి వెంట వినాలని ఉంది కాబోలు.

“కిష్తీ పహుంచీ?” అని అడిగాడు, పడవ చేరిందా అని.

“పహుంచీ, బాబా” అన్నాను. ఆయన తల ఆడించి, తంబుర ముందు ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోయాడు. శంకరు పోతూ పోతూ, “నేను ఉత్తగ దిగలే అమ్మా, గాలి జూసే దిగిన” అన్నాడు.

మర్నాడు పొద్దున దుర్గ నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. నూనె కోసం వచ్చిన ఓడలు దూరంగా, కదలకుండా, నీళ్లకూ ఆకాశానికీ మధ్య వేలాడుతున్నట్టు ఉన్నాయి. ఇసుకలో కూర్చున్నాం. తంబురను ఊరికి తీసుకెళ్లమంది దుర్గ. వద్దన్నాను. అది నడుమ ఉండాల్సిన వస్తువు, మా ఇంట్లో దానికి నడుమ లేదు. “ఆదివారాలు ఆ చెట్టుకే ఆనించు. ఎత్తుకునేవాళ్లు ఎవరో ఒకరు వస్తారు. రాకపోతే నువ్వే ఎత్తుకో” అన్నాను. “నాకు రాదండి బాబూ” అంది. “నాకూ రాదే” అన్నాను.

మంగళవారం బస్సులో షార్జా, బుధవారం విమానం. తిరుగు ప్రయాణంలో కొండలు వచ్చినప్పటి కొండల్లా లేవు, నీళ్లు తీసిన లంకల్లా నిలకడగా కనిపించాయి. ఎవరైనా ఆ దారిన వెళ్తే చూడవలసినవి చాలా ఉన్నాయంటారు. ఎత్తయిన మేడలు, బంగారు బజార్లు. నేనవేవీ చూడలేదు. ఒక తోట చూశాను, ఒక కాలవ చూశాను, మా అక్క బతికిన చోటు చూశాను. ఆవిడ ఒంటరిగా బతికిందేమోనని ఇన్నాళ్లూ బెంగగా ఉండేది. అలా బతకలేదు.

విజయవాడ నుంచి బస్సులో వస్తుంటే సిద్ధాంతం వంతెన మీదికి ఎక్కేసరికి తెల్లారింది. గోదావరి పలచగా, పొగమంచులో నిద్రపోతోంది. పక్క సీటాయన నా సంచులకు కట్టిన విమానం చీటీలు చూసి హుషారుగా లేచి కూర్చున్నాడు.

“దుబాయ్ నుంచాండీ? ఏం తెచ్చేరండి?” అని అడిగాడు, ఒళ్లో మూట వైపు చూస్తూ. బంగారమనుకున్నట్టున్నాడు.

“ఏం తేలేదండి” అన్నాను, నీళ్ల వైపే చూస్తూ. “అందర్నీ దింపేసి వచ్చాను.”